నాన్నకి మిగిలింది ‘రైట్’ ఒక్కటే: ఈ స్పీచ్ థెరపీ సెంటర్‌లో మా ఎనిమిది నెలలు

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద రివ్యూ. ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి మాట పడిపోయి, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక ఫోన్ పట్టుకుని వెతుక్కుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. పోయిన ఏడాది నేనూ అలాగే హాస్పిటల్ వరండాలో కూర్చుని రాత్రంతా వెతికాను, కనిపించినవన్నీ "గుడ్ సర్వీస్", "స్టాఫ్ బాగా మాట్లాడతారు" అని రెండేసి ముక్కలే. రేటింగ్ అయిదుకి నాలుగు ఇచ్చాను, ఆ తగ్గించిన ఒక్కటి ఎందుకో కింద రాశాను.

మాది రావులపాలెం. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది, "ఏమైందండీ" అని అమ్మ అడిగితే "రైట్" అన్నారు. మళ్లీ అడిగితే "రైట్ రైట్" అన్నారు. బస్సు కదలమని డ్రైవరుకి చెప్పే మాట అది, 31 ఏళ్లు రోజుకి ఎన్ని వందల సార్లు అన్నారో. బాగానే ఉన్నానంటున్నారు కదా అని అమ్మ అనుకుంది, రాత్రి నిద్ర లేక నీరసమేమో అని పదకొండింటిదాకా పడుకోబెట్టింది. మేం రాజమండ్రి చేరి స్కాన్ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట, మాకు ఆ టైము దాటిపోయింది. దయచేసి ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి: మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట తేడాగా వచ్చినా గడియారం చూసి టైము గుర్తుపెట్టుకుని ఉన్నపళంగా స్కాన్ ఉన్న హాస్పిటల్‌కి పరుగెత్తండి. పడుకోబెట్టొద్దు.

హాస్పిటల్లో పదకొండు రోజులు ఉన్నాం. కాలూ చెయ్యీ సంగతి అందరూ చెప్పారు, ఫిజియో రోజూ వచ్చాడు, మాట సంగతి అడిగితే మాత్రం "మెల్లగా వస్తుందమ్మా" అనేసి వెళ్లిపోయేవారు. డిశ్చార్జి అయ్యాక ఎవరో చెబితే ఒక చోటికి తీసుకెళ్లాం, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ పలక ఇచ్చి అ ఆ ఇ ఈ దిద్దించారు. అద్దం ముందు కూర్చోబెట్టి నాలుక బయటికి పెట్టండి, లోపలికి లాగండి, బుగ్గలు పూరించండి, కొవ్వొత్తి ఊదండి అని ఒకటే కసరత్తు. అలా రెండు నెలలు. నాన్న 67 ఏళ్ల మనిషి, నలుగురిలో పలక చూడగానే ముఖం అటు తిప్పేసుకునేవారు. "పేషెంటు కోఆపరేట్ చెయ్యట్లేదు" అని మామీదే కోప్పడ్డారు. ఇంట్లో నాన్న చేగోడీలు కరకరా నమిలేస్తున్నారు, పొలమారకుండా నీళ్లు తాగుతున్నారు, మరి నాలుకకి ఏమైందని ఈ కసరత్తు అని నాకు అప్పుడు తట్టలేదు. ఆ రెండు నెలలు తల్చుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే స్ట్రోక్ వచ్చిన మొదటి నెలల్లోనే మాట ఎక్కువగా తిరిగొస్తుందని తర్వాత తెలిసింది.

ఈ సెంటర్‌కి వచ్చిన మొదటిరోజు ఇక్కడి స్పీచ్ థెరపిస్టు మేడమ్ చేసిన మొదటి పని, నాన్న ఎడమచేతికి పెన్ను ఇచ్చి "నీళ్లు అని రాయండి బాబాయ్ గారూ" అనడం. నాన్న కాగితం వంక చాలాసేపు చూశారు. ఒక గీత గీశారు, దానిమీద ఇంకో గీత గీశారు, పెన్ను పెట్టేశారు. మేడమ్ నావైపు తిరిగి "చూశారా అమ్మా, నోటి కండరాలదే ఇబ్బంది అయితే నోటితో చెప్పలేనిది వంకరటింకరగానైనా చేత్తో రాసేవారు. రాయడానికీ మాట దొరకట్లేదంటే తేడా నోట్లో లేదు, మాట తయారయ్యే చోట ఉంది" అన్నారు. దీన్ని అఫేసియా అంటారట. నాలుక, పెదాల కండరాలు బలహీనపడి మాట ముద్దముద్దగా రావడం వేరే, దాని పేరు డిసార్థ్రియా. కొందరికి రెండూ ఉంటాయి. మా నాన్నకి ఉన్నది మొదటిది, మేం రెండు నెలలు చేయించింది రెండోదానికి వైద్యం.

తర్వాత గంటంబావు టెస్టు. ఒక బొమ్మ చూపించి అందులో ఏం జరుగుతోందో చెప్పమనడం, అవును కాదు ప్రశ్నలు, "దువ్వెన తీసి పుస్తకం మీద పెట్టండి" లాంటి పనులు, ఆవిడ అన్నమాట తిరిగి అనమనడం, వస్తువు చూపించి పేరు అడగడం. ఒక్కోటి ఎందుకు చేయిస్తున్నారో నాకు చెబుతూనే చేశారు. అందులో ఒకటి నాకు కళ్లు తెరిపించింది. నాన్నకి అన్నీ అర్థమవుతున్నాయని, బయటికి రావట్లేదంతేనని మేమంతా గట్టిగా నమ్మాం. మేడమ్ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టారు, ఒకదాంట్లో కుక్క పిల్లిని తరుముతోంది, ఇంకోదాంట్లో పిల్లి కుక్కని తరుముతోంది. "అమ్మ అన్నం తిన్నది" లాంటివి అప్పటిదాకా టక్కున చూపించిన మనిషి, "పిల్లిని కుక్క తరిమింది" అనగానే ఆగిపోయారు. పిల్లి తరుముతున్న బొమ్మ మీద వేలు పెట్టారు. మళ్లీ అడిగితే వేలు రెండో బొమ్మకి జరిపారు, మళ్లీ అడిగితే ఇటు. అన్నం అమ్మని తినదు కాబట్టి ఆ వాక్యం ఊహతో తేలిపోతుంది. కుక్క, పిల్లి ఎవరు ఎవరినైనా తరమొచ్చు, అక్కడ సంగతంతా ‘ని’ అనే ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. నాన్నకి ఆ ‘ని’ అందడంలేదు. మూడు నెలలుగా ఇంట్లో "తమ్ముడికి నేను డబ్బులు పంపాను", "డాక్టర్‌ని బాబాయి కలిశాడు" అని గబగబా చెప్పేసి, ఆయన "రైట్" అంటే అర్థమైందనుకున్నాం.

ఆ రోజు మేడమ్ నాన్నని ఒక ప్రశ్న వేశారు. "బాబాయ్ గారూ, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఆపేశారనుకోండి, రాజమండ్రి బస్సు ఎటు తిప్పుతారు?" నాన్న కళ్లలో వెలుగు నాకింకా గుర్తుంది. మాట రాలేదు, కానీ ఎడమచేత్తో బల్లమీద గీసి చూపించారు. రావులపాలెం నుంచి ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం, రాజమండ్రి. "అదే మనం ఇక్కడ చెయ్యబోయేది" అని మేడమ్ ఒక పాత క్యాలెండరు కాగితం వెనక మెదడు బొమ్మ వేశారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

ఆ బొమ్మలో ఏముందో నాకు అర్థమైనంత రాస్తాను, ఎందుకంటే అది అర్థమయ్యాకే ఇంట్లో నాన్నతో ఎలా మాట్లాడాలో మాకు తెలిసింది. భాష మెదడులో ఒకచోట డబ్బాలో దాచిపెట్టి ఉండదు. కుడిచేతివాటం ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందికి ఎక్కువ పని ఎడమవైపే జరుగుతుంది, ఎడమచేతివాటం ఉన్నవాళ్లలోనూ ఎక్కువమందికి అంతే. మనం విన్న శబ్దం ముందు చెవి పైభాగంలో, కణత లోపల ఉన్న చోటికి చేరుతుంది. అక్కణ్ణుంచి రెండు దారులు. ఒకటి కిందిదారి, కణత వెంబడి ముందుకి పోతుంది, శబ్దాన్ని అర్థంతో కలుపుతుంది. ఇంకోటి పైదారి, వెనక నుంచి విల్లులా వంగి నుదుటివైపుకి వస్తుంది, విన్న శబ్దాన్ని నోరు ఎలా పలకాలో దానితో కలుపుతుంది. ఈ రెండు దారుల లెక్కని హికాక్, పోపెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000ల్లో వివరంగా రాశారు. విల్లులా వంగిన ఆ నరాల కట్టకి ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అని పేరు. ఈ పైదారి దెబ్బతిన్న కొందరికి అర్థమవుతుంది, మాట్లాడతారు కూడా, కానీ మనం అన్నమాట తిరిగి అనమంటే తడబడతారు. నుదుటి కింది భాగంలో ఎడమపక్కన ఉన్నదాన్ని బ్రోకా ప్రాంతం అంటారు. మాటలని వరసలో పేర్చడం, వాక్యం అల్లడం, నోటికి పంపాల్సిన శబ్దాల క్రమం సిద్ధం చెయ్యడం, వీటన్నింట్లో దానికి చెయ్యి ఉంది. "డిపోలు ఉన్నాయి, రోడ్లూ ఉన్నాయి, బాబాయ్ గారికి నుదుటివైపు డిపో కొంత, దాని కింద రోడ్డు కొంత కొట్టుకుపోయాయి. కిందిదారి చాలావరకు బాగుంది, కుడివైపు మొత్తం బాగుంది. వాటిమీదుగా బస్సు తిప్పుదాం" అన్నారు. నాన్న "రైట్" అన్నారు. ఆ ఒక్కసారి అది సరైన మాటే.

ఈ బ్రోకా అనే డాక్టరు కథ మేడమ్ చెప్పాక నేను ఇంటికొచ్చి రాత్రి చాలాసేపు చదివాను. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ముప్ఫై ఏళ్ల వయసులో అక్కడ చేరి 21 ఏళ్లు అక్కడే ఉన్నాడు. ఏం అడిగినా "తాన్ తాన్" అనేవాడు, అందుకే ఆస్పత్రిలో అందరూ అతన్ని తాన్ అనే పిలిచారు. చెప్పింది అర్థమయ్యేది, సైగలతో జవాబు చెప్పేవాడు. కోపమొస్తే మాత్రం ఒక తిట్టు స్పష్టంగా వచ్చేది. అతను చనిపోయాక బ్రోకా ఆ మెదడు చూసి ఎడమపక్క నుదుటి భాగంలో దెబ్బ ఉందని చూపించాడు. ముక్కలుగా కోయకుండా దాన్ని అలాగే భద్రపరిచాడు కూడా, కాబట్టి 2007లో ఎమ్మారై తీసి మళ్లీ చూడగలిగారు. చూస్తే దెబ్బ పైన కనబడేదానికంటే చాలా లోతుగా, లోపలి నరాల దారులదాకా పోయి ఉంది. అంటే నూట నలభై ఏళ్లకి పైగా ఒక్క చోటికి అంటగట్టిన పేరు వెనక, తెగిపోయిన రోడ్లు కూడా ఉన్నాయన్నమాట. ఆ పూట నేను ఏడ్చాను. ‘తాన్’ అనే ఆ మనిషి 21 ఏళ్లు ఎవరికీ ఏమీ చెప్పుకోలేక గడిపాడు. మా నాన్న మా హాల్లో కుర్చీలో కూర్చుని ‘రైట్’ అంటున్నారు.

వెయిటింగ్ హాల్లో ఇంకో పెద్దావిడ వచ్చేవారు, ఆవిడ నాన్నకి పూర్తిగా ఎదురు. గడగడా మాట్లాడతారు, ఎక్కడా ఆగరు, రాగం, యాస అన్నీ సరిగ్గా ఉంటాయి. కానీ "ఆ పొయ్యికి చెప్పాను కదా, రేపు గొడుగు ఉడికాక పోస్టులో కడుగుదామని" ఇలా ఉంటుంది మాట. మనం అడిగింది ఆవిడకి చేరదు, తను చెప్పేది తేడాగా ఉందని కూడా ఆవిడకి తెలీదు. పిచ్చి పట్టిందేమో అని ఇంట్లోవాళ్లు ముందు మానసిక వైద్యుడి దగ్గరికి, ఆ తర్వాత గుళ్లకి తిప్పారట. స్కాన్ తీస్తే ఎడమ చెవికి పైన వెనకవైపు స్ట్రోక్. 1874లో వెర్నికీ అనే జర్మన్ డాక్టరు, అప్పటికి ఆయనకి 26 ఏళ్లే, ఇలాంటి రోగుల్ని చూసి మాట అర్థంచేసుకునే పని వెనకవైపు జరుగుతుందని, ముందుకీ వెనక్కీ మధ్య నరాల లంకె ఉంటుందని రాశాడు. ఆయన చెప్పినదాంట్లో చాలా మార్పులొచ్చాయి కానీ, ‘లంకె’ అన్నమాట మాత్రం నిలిచింది. ఆవిడకి చేయించే థెరపీ, నాన్నకి చేయించేది అసలు పోలికే లేదు. నాన్నకి మాట బయటికి లాగాలి. ఆవిడని ముందు ఆపి, వినడం అలవాటు చెయ్యాలి. ఒకే గదిలో, ఒకే మేడమ్, పక్కపక్క గంటల్లో ఇద్దరికీ రెండు రకాలుగా చేయించడం చూశాక నాకు ఈ సెంటర్ మీద నమ్మకం కుదిరింది. అందరికీ ఒకటే పలక ఇచ్చే చోటికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఇక రోజువారీ సెషన్ సంగతి. 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు. మొదట్లో చెంచా బొమ్మ చూపించేవారు, నాన్న పెదాలు కదిలేవి, కళ్లు బొమ్మ మీదే ఉండేవి, ఏదో దగ్గరదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినట్టు ఉండేది. మేడమ్ తొందరపడరు. పది లెక్కపెట్టేంతసేపు ఊరుకుంటారు. తర్వాత "దీంతో ఏం చేస్తాం?" అని చెయ్యి నోటిదాకా తెచ్చి చూపిస్తారు. "గరిటె" అన్నారొకసారి నాన్న. నేను "కాదు" అనబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "గరిటె అన్నారంటే అర్థం దొరికింది, ఇల్లు దొరికింది, పక్కగది తలుపు కొట్టారంతే" అన్నారు. తర్వాత "చెం..." అని మొదటి శబ్దం అందించారు. "చెంచా." మనకి మామూలుగా ఒక బొమ్మ చూసి పేరు చెప్పడం మొదలెట్టడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుందట, అర సెకను మీద కాస్త. ఆ కాస్త టైములో తల వెనకభాగం బొమ్మని చూడాలి, అదేమిటో పోల్చుకోవాలి, కణతవైపు నుంచి ఆ మాట దొరకాలి, దాని శబ్దాలు వరసలో పడాలి, నుదుటివైపు నుంచి నోటికి ఆర్డరు వెళ్లాలి. నాన్నకి మొదటి రెండు మెట్లూ బాగున్నాయి, మూడోదాంట్లో తడబాటు, నాలుగోదగ్గర గోతిలో పడుతున్నారు. అందుకే మొదటి శబ్దం అందిస్తే బయటపడుతున్నారు. ఏ మెట్టు దగ్గర పడుతున్నారో చూసి అక్కడే చెయ్యి అందించడం, ఇది నేర్చుకున్నాకే ఇంట్లో మేం నాన్న బదులు మాట పూర్తిచేసేయడం మానేశాం. అమ్మకి ఇది చాలా కష్టమైంది. నలభై ఏళ్లుగా ఆయన అడక్కముందే అన్నీ అందించిన మనిషి, ఆయన నీళ్లకోసం పెదాలు కదుపుతుంటే పది లెక్కపెట్టడం అంటే మాటలు కాదు.

నాన్నతో బస్సు స్టాపుల పేర్లు చెప్పించడం కూడా మేడమ్ ఐడియానే. వరసగా వచ్చేవి, ఏళ్ల తరబడి నోట్లో నానినవి, అంకెలు, వారాలు, భజనలు, ఇవన్నీ వాక్యంలా అల్లాల్సిన పనిలేకుండా గొలుసులా వచ్చేస్తాయి, వాటికి మెదడులో వేరే దారుల సాయం కూడా ఉంటుందట. "జొన్నాడ" అని ఆవిడ మొదలెట్టి ఆపారు. నాన్న నోటినుంచి "పొట్టిలంక, కడియపులంక, వేమగిరి, మోరంపూడి" అని ఒక్క ఊపున వచ్చేసింది, బస్సులో అరిచే ఆ గొంతుతోనే. నేనూ అమ్మా ఒకళ్ల ముఖాలొకళ్లం చూసుకున్నాం. మూడు నెలల తర్వాత ‘రైట్’ కాకుండా విన్న మొదటి మాటలు అవి. మాట వచ్చేసిందని అమ్మ మేడమ్ రెండు చేతులూ పట్టేసుకుంది. మేడమ్ మాత్రం అబద్ధం చెప్పలేదు. "ఇది గొలుసు అమ్మా, ఇంకా మాట కాలేదు. కడియపులంక తర్వాత ఏమిటంటే చెప్తారు, కడియపులంకలో ఏం దొరుకుతాయి అంటే చెప్పలేరు. గొలుసులోంచి ఒక్కో పూస విడదీయాలి" అన్నారు. ఆ విడదీయడానికి నెలన్నర పట్టింది. "కడియపులంక... పూలు" అన్నరోజు తారీకు నా డైరీలో ఉంది.

రామాలయంలో పాడే భజన కూడా అలాగే, పల్లవి అందుకుంటే చరణం చివరిదాకా వచ్చేసింది. రాగం పట్టుకోవడంలో కుడివైపు మెదడుకి పెద్ద పాత్ర ఉంది కాబట్టి, మాటని రాగంలో పెట్టి, ఎడమచేత్తో తాళం వేస్తూ పలికించే పద్ధతి ఒకటుంది, 1973లో అమెరికాలో బోస్టన్ డాక్టర్లు మొదలుపెట్టారు. "కాఫీ కావాలి" అన్నదాన్ని ఎత్తుగా, తగ్గుగా సాగదీసి, మోకాలి మీద తట్టుకుంటూ అనిపించేవారు. సాధన చేసిన మాటలకి ఇది బాగా పనికొస్తుంది, కొత్త మాటలకి అంతగా రాకపోవచ్చు, అందరికీ పనిచెయ్యదు కూడా అని ముందే చెప్పారు. మా నాన్నకి ఓ ఆరేడు వాక్యాలు అలా వచ్చాయి. ఇప్పుడు రాగం తీసేసి మామూలుగానే అంటారు, కానీ వేళ్లు మాత్రం ఇంకా మోకాలి మీద కదులుతాయి.

ఒకరోజు వేడి కాఫీ ఒళ్లో ఒలికి నాన్న నోటినుంచి ఒక తిట్టు శుభ్రంగా వచ్చింది. అమ్మ చిన్నబుచ్చుకుంది, ఎప్పుడూ ఇంట్లో అలాంటి మాట అనని మనిషి. తిట్లు, ‘అబ్బా’ లాంటివి కోపం, నొప్పి వచ్చినప్పుడు వాటంతటవే వచ్చేస్తాయని, ఆయన గుణం మారలేదని, పారిస్‌లో ఆ తాన్‌కి కూడా అలాగే వచ్చేదని నేను అమ్మకి చెప్పాను. ఇది తెలియక ఎన్ని ఇళ్లలో "చూశావా, తిట్టడానికి మాట వస్తుంది కానీ మాట్లాడమంటే రాదు, నటిస్తున్నాడు" అంటున్నారో. మా చుట్టాల్లోనే ఒకాయన ఆ మాట అన్నాడు. నటన కాదు. ఆ తిట్టు వచ్చిన దారి వేరు, "నాకు నీళ్లు కావాలి" రావాల్సిన దారి వేరు.

అయిదో నెల నుంచి వాక్యాలు. నాన్న "నేను కాఫీ తాగు" అనేవారు, "అమ్మ గుడి వెళ్లు". మాటలు దొరుకుతున్నాయి, చివరలు అతకట్లేదు. మన తెలుగులో క్రియ చివర ఎవరు, ఆడా మగా, ఒకరా పలువురా, ఎప్పుడు అన్నీ తగిలించాలి. తాగాను, తాగాడు, తాగింది, తాగుతాం. పేరు చివర కి, ని, తో. ఇవి అతికించడం ఎంత పనో నాకు ఎప్పుడూ తెలీదు, పుట్టినప్పటినుంచీ ఊరికే వచ్చేస్తున్నాయి కదా. మేడమ్ మా ఇంటి ఫొటోలే తెమ్మన్నారు. అమ్మ పూలు కడుతున్న ఫొటో, తమ్ముడు బండి తుడుస్తున్న ఫొటో. ఎవరు? ఏం చేస్తోంది? దేన్ని? దేంతో? ఒక్కో ప్రశ్నకి ఒక్కో రంగు చీటీ. ఆ కుక్క, పిల్లి బొమ్మలు కూడా మళ్లీ వచ్చాయి, పదికి ఎనిమిది కరెక్టుగా చూపించారు ఈ మధ్య.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాన్నకి ఇంగ్లీషు, హిందీ ముక్కలు కూడా వచ్చు, బస్సులో పనికొచ్చేంత. రెండు మూడు భాషలు ఉంటే బుర్ర గందరగోళమై మాట రాదని, ఇంట్లో ఇంగ్లీషు మాటలు మానెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. మేడమ్ వద్దన్నారు. ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వమన్నారు, ‘టికెట్’ అని వస్తే అది తెలుగే అన్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం స్ట్రోక్ వచ్చిన 608 మందిని చూసి 2016లో అచ్చువేసిన పరిశోధన గురించి చెప్పారు. స్ట్రోక్ తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం, ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం. మాట పోవడం మాత్రం ఇద్దరిలో దాదాపు సమానమే. అంటే రెండు భాషలు మాటని కాపాడలేదు కానీ, చెడగొట్టనూ లేదు. మన హైదరాబాద్ పేషెంట్లమీద జరిగిన పని కాబట్టి నాకు ఇది మరీ నమ్మకంగా అనిపించింది.

ఇప్పుడు బాగోలేనివి. సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పక్షవాతం వచ్చినవాళ్లే వచ్చే చోటికి మెట్లేమిటండీ? మొదటి రెండు నెలలు నాన్నని నేనూ ఆటో డ్రైవరూ కలిసి కుర్చీలో ఎత్తుకెళ్లాం. ఈ మాట రెండుసార్లు చెప్పాను, చూస్తామన్నారు. రెండోది, టైము. పదింటికి రమ్మంటే పదీ నలభైకి లోపలికి పిలుస్తారు, అప్పటికే నాన్న అలిసిపోతారు. అలిసిపోతే మాట ముందు పోతుంది, ఇది వాళ్లే చెప్పిన సంగతి. మూడోది, మేడమ్ సెలవులో ఉంటే జూనియర్ అమ్మాయి అవే కార్డులు గబగబా తిప్పేస్తుంది, ఆగదు. బొమ్మల కార్డులు కూడా పాతవి, మంచు మనిషి, ఇగ్లూ ఉన్నాయి వాటిల్లో. కోనసీమ మనిషికి ఇగ్లూ మాట ఎప్పుడు వచ్చిందని ఇప్పుడు తిరిగి రావాలి? మేం కొబ్బరి తురిమే కోరాం, చేద, గంప, టికెట్లు కొట్టే మిషను ఫొటోలు తీసి ఇచ్చాం, వాటిని వాడారు, అది మెచ్చుకోవాలి. వీడియో కాల్ సెషన్లు మాకు పనిచెయ్యలేదు. నెట్ ఒక్క క్షణం ఆగినా నాన్న తను తప్పు చేశానేమో అని కంగారుపడిపోతారు.

ఫీజు సెషన్‌కి 500. నెలకి ఆరు వేలు, ఆటో ఖర్చు వేరే. మా ఇన్సూరెన్సులో ఇది రాలేదు, ముందే కనుక్కోండి. గోడమీద ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పెట్టి ఉంది, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన థెరపిస్టు అని. ఎక్కడికి వెళ్లినా అది అడిగి చూడండి. మేం పోగొట్టుకున్న రెండు నెలల్లో ఆ కాగితం అడగాలని మాకెవరూ చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత నాన్న ఎలా ఉన్నారంటే, మూడు నాలుగు మాటల వాక్యాలు వస్తున్నాయి. ఫోన్‌లో తమ్ముడితో "తిన్నావా... ఆఫీసు... బాగుందా" అంటారు. పేపర్లో హెడ్డింగులు చదువుతారు, కింద వార్త చదవలేరు. నలుగురు కలిసి మాట్లాడుకుంటుంటే అందుకోలేరు, లేచి లోపలికి వెళ్లిపోతారు, అది చూస్తే బాధేస్తుంది. పూర్తిగా మునపటిలా అవుతారని మేడమ్ ఎప్పుడూ అనలేదు. ఏళ్లు గడిచినా మెరుగు ఉంటుందని, నెమ్మదిగా ఉంటుందని అన్నారు. పోయిన వారం సెషన్ అయ్యాక ఆటో దొరక్క బస్సెక్కాం. కుర్ర కండక్టరు టికెట్ అన్నాడు. నేను డబ్బులు తీస్తుంటే నాన్న నా చెయ్యి పక్కకి నెట్టి, వేళ్లు మోకాలి మీద తట్టుకుంటూ "రెండు... రావులపాలెం... ఇవ్వు బాబూ" అన్నారు. కండక్టరుకి ఏమీ తెలీదు, టికెట్లు చింపి ఇచ్చి వెళ్లిపోయాడు. నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

వెళ్లేవాళ్లకి: బుధవారం సెలవు, ఆదివారం పొద్దున పూట తీస్తారు. ముందురోజు ఫోన్ చేసి మేడమ్ ఉన్నారో లేదో కనుక్కోండి. స్కాన్ ఫిల్ము, డిశ్చార్జి కాగితాలు, కళ్లజోడు, వినికిడి మిషను ఉంటే అదీ తీసుకెళ్లండి. పేషెంటు ఏం పని చేసేవారో, ఇంట్లో ఎవర్ని ఏమని పిలిచేవారో, రోజూ వాడే మాటలు ఓ యాభై, కాగితం మీద రాసుకెళ్లండి, మొదటి రోజే అడుగుతారు. మెట్లు పదహారు, పట్టుకోవడానికి కమ్మీ ఎడమపక్కనే ఉంది.